గర్భవిరమణ

"విరమణ," అంది నిర్ణేత, పెళ్లిపందిట్లో పన్నీరు చల్లుతున్నంత మెత్తగా.

డాక్టర్ మనస్విని కుడి అరచెయ్యి ఎత్తి సమ్మతి పలక మీద పెట్టింది. పలక చల్లగా, కాస్త జిగటగా ఉంది. పొద్దుటి నుంచి దాన్ని ఎవరూ తుడవలేదు. ఆకుపచ్చ దీపం వెలిగింది. మంచం మీద వంగిన యంత్ర తోరణం కింద పడుకున్న మనిషి లేచి, చీర సర్దుకుని, "అయిపోయిందామ్మా?" అని అడిగింది. "అయిపోయింది తల్లీ, ఎడమ పక్క తలుపు," అంది సిస్టర్ రమీజా. ఎడమ పక్క తలుపు కోతగదికి, కుడి పక్క తలుపు ఇంటికి. ఈ మధ్య కుడి పక్క తలుపు గడియ తుప్పు పట్టింది.

"తర్వాతి దేహం," అంది నిర్ణేత.

తర్వాతి దేహానికి ముప్పై నాలుగేళ్లు. తెల్లబట్ట, నడుంనొప్పి, మూడో రాక. విరమణ. మనస్విని చెయ్యి పెట్టింది. ఆ తర్వాతి దేహానికి ముప్పై ఒకటి. తెల్లబట్ట, దురద, పొత్తికడుపులో లాగుడు, మూడో రాక. విరమణ. మనస్విని చెయ్యి పెట్టింది. ముఖాలు చూడటం ఆమె ఎప్పుడో మానేసింది. చూస్తే ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది, అడిగితే వరస ఆగుతుంది, వరస ఆగితే గోడలోంచి కార్తికేయ పలుకుతాడు. అతను జిల్లా అనుసంధానకర్త. ఎక్కడో చల్లని గదిలో కూర్చుని పల్నాడులోని దేహకేంద్రాలన్నింటికీ తన గొంతు మాత్రం పంపుతుంటాడు. మర్యాదస్తుడు. ఇంతవరకూ ఆమెను ఒక్క మాట కసరలేదు. కసిరితే బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

మనస్విని ఉద్యోగం పేరు సాక్షి వైద్యురాలు. నిర్ణేత చూస్తుంది, తేలుస్తుంది, కోస్తుంది, కుడుతుంది. కానీ మనిషి ఒంటి మీద కత్తి పడాలంటే ముందు ఇంకో మనిషి చెయ్యి పడాలని చట్టం. పాపమో పుణ్యమో ఎవరో ఒకరి నెత్తిన పడాలి కదా, యంత్రానికి నెత్తి లేదు. అందుకని ప్రతి కేంద్రంలోనూ ఒక ఎత్తుపీట, దాని ముందు ఒక పలక, పీట మీద ఒక డాక్టరు. ముందే రాసిపెట్టిన తీర్పు కింద వేలిముద్ర వేసే పెద్దమనిషి ఎంతో, ఈవిడా అంతే.

మొదటి నుంచీ ఇలా లేదు. పెద్దాసుపత్రి కాన్పుల గదిలో ఆమె చేతులతో చదువుకున్న మనిషి. కడుపు మీద రెండు చేతులూ ఆనించి బిడ్డ తల ఎటుందో, వీపు ఎటుందో, ఇంకెంతసేపు పడుతుందో చెప్పేది. మొదటిసారి తన చేతుల్లోకి వచ్చిన బిడ్డ చేపలా జారితే కింద పడేసినంత పని చేసింది. తర్వాత చాలా రోజులు నిద్దట్లో ఉలిక్కిపడి చేతులు గుండెకు అదుముకునేది. పోనుపోను ఆ చేతులకు పేరొచ్చింది. మనస్వినిగారి హస్తవాసి మంచిదని ఎక్కడెక్కడి నుంచో రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు. ఇప్పుడా హస్తవాసి అంతా ఒక గాజు పలక తాగుతోంది.

నిర్ణేతను తప్పుపట్టడానికి లేదు. అదేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఈ జిల్లా డాక్టర్లు తరతరాలుగా రాసిన రాతలు తిని పెరిగింది. తెల్లబట్ట అని వచ్చిన ఆడమనిషికి మొదటి రాకకి మాత్రలు రాశారు, రెండో రాకకి ఇంకాస్త ఘాటైన మాత్రలు రాశారు, మూడో రాకకి విసుగొచ్చి సంచి తీసేశారు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ సంచితో పనేముందని మొగుడన్నాడు, అత్త అంది, డాక్టరు అన్నాడు, చివరికి ఆ ఆడమనిషీ అంది. తిలాపాపం తలా పిడికెడు. నిర్ణేత చేసిందల్లా ఆ మాటకు మంచి భాష తొడగడం. రెండో కాన్పు దాటిన గర్భసంచి దాని లెక్కలో విరామావయవం. దాన్ని తీసేయడం గర్భవిరమణ. పక్కనున్న అండాశయాలు కూడా, ఎటూ కడుపు తెరిచాం కదా అని, దాంతోపాటే వెళ్లిపోతాయి. కన్నతల్లుల అవయవాలకు ఇంత గౌరవంగా పదవీ విరమణ ఇచ్చిన గడ్డ ఇంకెక్కడా లేదని తోరణం ప్రారంభించిన రోజున ఒక మంత్రి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మనస్విని కూడా కొట్టింది.

"తర్వాతి దేహం."

వచ్చిన మనిషి వెంటనే పడుకోకుండా తోరణం పక్కన నిలబడింది. పేరు సలోమి. వయసు ఇరవై తొమ్మిది. సూర్యక్షేత్రంలో పలకల మీద దుమ్ము తుడిచే ముఠాలో పని. మోచేతుల దాకా ఎండకి కమిలిపోయి, అరచేతులు మాత్రం నీళ్లలో నాని తెల్లబడి ఉన్నాయి. నవ్వుతోంది. ఆ గదిలోకి నవ్వుతూ వచ్చేవాళ్లు అరుదు కాబట్టి మనస్విని తల ఎత్తింది.

"మూడోసారమ్మా," అంది సలోమి, పరీక్ష పాసైనట్టు. "ఈసారి తీసేసిద్ది గదా?"

"ముందు పడుకో," అంది రమీజా. "తీసేదీ లేందీ అది చెప్పిద్ది."

"పోయినసారే తీసేసుంటే ఒక పనైపోయేది సిస్టరమ్మా. మా అమ్మకి ముప్పైకి తీశారు. మా అక్కకి ఇరవై ఏడుకే అయిపోయింది. నాకే ఆలస్యం. ఎండాకాలం ముఠాలో విరమణ అయినోళ్లకే చోటంటన్నాడు మా మేస్త్రి."

సూర్యక్షేత్రమంటే ఎండ నుంచి కరెంటు తీసే నల్లటి పలకలు, మైళ్లకొద్దీ. నెలసరి రోజుల్లో చాటుకి ఒక చెట్టు లేదు, గోడ లేదు. అక్కడ నాలుగు మరుగుదొడ్లు కట్టించడం కంటే ఆడవాళ్ల సంచులు తీయించడం సులువని ఎవరు లెక్క వేశారో గాని, లెక్క మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

"నొప్పుండిద్దా సిస్టరమ్మా?"

"ఏం ఉండదు. నాకూ తీశారుగా పదేళ్ల నాడు, ఈ కేంద్రంలోనే. చీమ కుట్టినట్టు కూడా తెలవదు," అంది రమీజా. ఆ మాట అంటూనే ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో మోకాలు నొక్కుకుంటూ, మంచం ఎత్తు సరిచేయడానికి వంగింది. ఆమెకు నలభై దాటి ఎన్నాళ్లో కాలేదు. నడక మాత్రం డెబ్బై ఏళ్ల ముసలమ్మది.

తోరణం సలోమి మీదుగా ఒకసారి అటూ ఇటూ వెలిగింది.

"తెల్లబట్ట. నడుంనొప్పి. రెండు కాన్పులు. మూడో రాక. విరమణ."

మనస్విని చెయ్యి ఎత్తింది. భయం వేసినప్పుడు కొందరు ఏడుస్తారు, కొందరు వాగుతారు. సలోమి రెండో రకం. పడుకున్నచోటి నుంచే మాట్లాడుతోంది.

"మీ మాత్రలు మంచిగనే పనిచేసినయ్యమ్మా, దాని పేరు చెడగొట్టకూడదు. శుభ్రంగా పోయింది. మా ఆయన గాలిమరల పనికని అనంతపురం వైపు పోయాడా, ఆర్నెల్లు ఊళ్లో లేడు. ఆ ఆర్నెల్లూ చుక్క లేదంటే నమ్ము. క్రిస్మసుకి ఆయన ఇంటికొచ్చాడు, మళ్లా మొదలు. రెండోసారీ అట్టానే అయింది. నా ఒళ్లే మంచిది కాదులే అనుకున్నా."

"నేపథ్య ధ్వని," అంది నిర్ణేత. "తొలగించబడింది."

మనస్విని చెయ్యి పలకకు జానెడు ఎత్తులో ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"నేనేమన్నానమ్మా?" సలోమి మోచేతుల మీద లేచింది.

"మీ ఆయన ఊళ్లో లేనప్పుడు లేదన్నావు."

"లేదు."

"వచ్చాక మొదలైందన్నావు."

"అవును. ఎందుకట్టా అడుగుతారు? తప్పు చెప్పానా?"

"సమ్మతి ఆలస్యమవుతోంది," అంది నిర్ణేత.

మనస్వినికి ఒళ్లు మండింది. ముందు ఆ పన్నీటి గొంతు మీద. ఆ వెంటనే, దానికి రెండింతలు తన మీద. ఎత్తుపీట దిగింది.

"రమీజా, మానవ ఉపకరణాల బీరువా తాళం ఎక్కడుంది?"

"ఆ బీరువానా? అందులో ఏముందో నాకే తెలవదమ్మా."

ఆ బీరువా ప్రతి కేంద్రంలోనూ ఉండి తీరాలని నిబంధన. ఏడాదికోసారి తనిఖీవాళ్లు వచ్చి బీరువా ఉన్నదని చూసి వెళ్తారు. తెరవమని ఎవరూ అడగరు. రమీజా తాళం వెతికి తెచ్చింది. లోపల పాత సూక్ష్మదర్శిని, గాజు పలకలు, గుడ్డలో చుట్టిన, యోని తెరిచి చూసే ఇనప స్పెక్యులమ్ ఉన్నాయి. దాన్ని మరగబెట్టడానికి వేరే దారి లేక రమీజా తన టీ కెటిల్ తెచ్చి ఇచ్చింది. అప్పటికే వరండాలో ఆడవాళ్లు గోల పెడుతున్నారు. వాళ్లను సర్దడానికి ఆమె బయటికి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

"నేను చెయ్యి పెట్టి చూస్తాను. ఇబ్బందిగా ఉంటే చెప్పు, ఆపేస్తాను," అంది మనస్విని.

"మనిషే చూస్తారా?" సలోమి ఆశ్చర్యపోయింది. ఇద్దరు పిల్లల్నీ తోరణం కిందే కన్న పిల్ల. డాక్టరు చెయ్యి ఒంటి మీద పడటం ఆమెకు ఇదే మొదటిసారి.

మనస్విని చేతులు ముందు తడబడ్డాయి. పదకొండేళ్లుగా పలక మీద తప్ప ఇంకెక్కడా ఆనని చేతులు. కాసేపటికి వాటంతటవే దారి పట్టాయి. ఎడమ చెయ్యి పొత్తికడుపు మీద, కుడిచేతి రెండు వేళ్లు లోపల. గర్భసంచి జామకాయంత ఉంది, గట్టిగా, కదిపితే కదులుతూ, ఏ నొప్పీ లేకుండా. అందులో విరమించాల్సింది ఏమీ లేదు. స్పెక్యులమ్ పెట్టి చూస్తే దాని ముఖద్వారం మీద ఎర్రటి చుక్కలు, చుట్టూ పచ్చటి నురుగు. ఇలాంటిది ఆమె వందలసార్లు చూసింది, తోరణాలు రాకముందు. పుల్లతో ఇంత తీసి, గాజు పలక మీద ఉప్పునీటి బొట్టులో కలిపి, సూక్ష్మదర్శినిని కిటికీ వెలుగుకి తిప్పింది.

"ఇలా రా. ఒక కన్ను మూసుకుని చూడు."

సలోమి చూసింది. "ఏందమ్మా ఇయ్యి? తోకలూపుకుంటా ఈదుతున్నయ్!"

"నీ రోగం."

"నా సంచిలో పుట్టినయ్యా?"

"నీ సంచిలో పుట్టలేదు. మాత్రలు వేసుకుంటే చస్తున్నాయి. మళ్లీ బయటి నుంచి వస్తున్నాయి."

సలోమి కన్ను తీయకుండా చాలాసేపు చూసింది. ఆమెకు తెలివి తక్కువేమీ లేదు.

"మా ఆయన రాయిలాగుంటాడమ్మా. ఏ రోగమూ లేదు."

"మగవాళ్లకు చాలామందికి పైకి తెలియదు. మోస్తూ తిరుగుతారు. ఇద్దరూ ఒకేసారి మాత్రలు వేసుకుంటే పోతుంది."

"అంతేనా?"

"అంతే."

"తీసేస్తే ఒకేసారి పోయిద్ది గదా?" అంది సలోమి గొంతు తగ్గించి. "ఆయన్ని అడిగే పని లేకుండా."

ఇదీ అసలు సంగతి. మొగుణ్ణి ఒక మాట అడగడం కంటే పొట్ట కోయించుకోవడం తేలిక. మనస్విని ఆమె పక్కన మంచం మీద కూర్చుంది.

"సంచి తీసినా ఇవి పోవు సలోమీ. సంచి లోపల కాదు ఇవి ఉండేది. పోయేవి వేరే. అండాశయాలు తీస్తే ముప్పై రాకుండానే ముసలితనం వస్తుంది. ఒంట్లో సెగలు, నిద్ర ఉండదు, ఎముకలు గుల్లబారతాయి. ఎండాకాలం ముఠాలో చోటు దొరుకుతుంది, నిజమే. ఎన్ని ఎండాకాలాలు నిలబడతావో చెప్పలేను."

సలోమి దగ్గరికి వేసిన తలుపు వైపు చూసింది. అవతల రమీజా కుంటుతూ అటూ ఇటూ తిరుగుతున్న అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

"మరి మా అక్కకి?" అంది.

మనస్విని లేచి చెప్పుల కోసం చూసింది.

ఇందులో ఎవరికీ తెలియని శాస్త్రం ఏమీ లేదు. రోగం ఇద్దరిది, మందు ఇద్దరికీ అని వైద్యవిద్యలో ప్రతి పిల్లకీ, పిల్లాడికీ చెబుతారు. వాళ్లు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఓపీలో కూర్చున్నాక మాత్రం, "మీ ఆయనేడీ?" అంటే, "బయటున్నాడమ్మా," అని జవాబు. సర్లే అని ఆడమనిషికి ఒక్కదానికే రాసి పంపడం. బయటున్నవాణ్ణి లోపలికి పిలిచే తీరిక డాక్టరుకి లేదు, పిలిచే ధైర్యం పెళ్లానికి లేదు. పురిటి ఆసుపత్రి గేటు దగ్గర మగవాడు ఆగిపోవడం ఈ నేల మీద ఎవరూ రాయని చట్టం. రాయలేదు కాబట్టి నిర్ణేత చదవలేదు. తాను చదివిన లక్షల దేహాల్లో భర్తకి మందు ఇచ్చినట్టు ఎక్కడా లేదు, కాబట్టి భర్త లేడు. అది నేర్చుకున్నది తప్పు కాదు. మనం చెప్పింది అంతే.

మనస్విని చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. "సాక్షి స్థానం ఖాళీ," అని వెనక నుంచి నిర్ణేత అంటూనే ఉంది. వరండాలో బెంచీల మీద ఆడవాళ్లు, వాళ్లకు తోడొచ్చిన తల్లులు, అక్కలు, పిన్నులు మాటలాపి చూశారు. ఎత్తుపీట దిగిన డాక్టరును వాళ్లెప్పుడూ చూసి ఉండరు.

గేటు ఎదురుగా టీ బంకు. దాని రేకు నీడలో మగవాళ్లందరూ ఉన్నారు.

"సలోమి వాళ్లాయన దానియేలు ఎవరు?"

గ్లాసు పట్టుకున్న ఒకతను లేచాడు. బలమైన మనిషి, మెడలో ఎర్ర తుండు. "నేనేనమ్మా. అయిపోయిందా? ఇంటికెప్పుడు తీసకపోవచ్చు?"

"నువ్వు లోపలికి రావాలి."

"ఏవన్నా వేలిముద్ర వెయ్యాలా?"

"నిన్ను చూడాలి. నీకూ మందివ్వాలి."

బంకు దగ్గర నవ్వులు లేచాయి. "పోరా దానియేలూ, నీక్కూడా సంచి తీస్తారంట," అన్నాడు ఎవడో. దానియేలు కూడా నవ్వాడు గాని ముఖం ఎర్రబడింది.

"ఆడోళ్ల ఆసుపత్రిలో నాకేం పనమ్మా? నాకే రోగమూ లేదు."

"లోపల అద్దం కింద ఉంది నీ రోగం, వచ్చి చూడు," అన్నది మనస్విని కాదు. సలోమి గేటు దాటి వచ్చి నిలబడింది. ఇందాకటి నవ్వు లేదు. "నేను మూడుసార్లు పడుకున్నా ఆ తోరణం కింద. నువ్వొక్కసారి పడుకో."

"ఇంటికి పోయి మాట్టాడుకుందాంలే."

"ఇంటికాడ వద్దు. ఇంటికాడైతే నువ్వే గెలుస్తావు."

నవ్వులు ఆగిపోయాయి. దానియేలు గ్లాసులో మిగిలిన టీ తాగకుండా బల్ల మీద పెట్టాడు. పెళ్లాం మీద ప్రేమతో కదిలాడో, అంతమందిలో నిలబడలేక కదిలాడో చెప్పలేం. కదిలాడు. వరండాలో ఆడవాళ్లందరి మధ్యలోంచి తలొంచుకుని నడిచి వచ్చి, తోరణం కింద కాళ్లు మంచం బయటికి వేలాడుతుండగా పడుకున్నాడు.

"అపరిచిత దేహం," అంది నిర్ణేత. "స్త్రీ అవయవాలు లోపించినవి. విరమణకు అర్హత లేదు."

"అర్హత లేదంట," అంది సలోమి. "అదృష్టవంతుడివి."

మనస్విని మందుల గూటి మీట నొక్కింది. గూడు తెరుచుకోలేదు. ఆ గదిలో మందు ఆడ దేహానికే వస్తుంది. మగ దేహానికి కావాలంటే సాక్షి అసమ్మతి తెలిపి, కారణం నమోదు చేయాలి. ఆమె అసమ్మతి మీట మీద వేలు పెట్టీ పెట్టకముందే గోడ పలికింది.

"నమస్తే మేడమ్. ఆరోగ్యం బాగానే ఉందా?" కార్తికేయ.

"నా ఆరోగ్యానికేం. అసమ్మతి తెలపాలి."

"తప్పకుండా. 'వాయిదా' అని నొక్కండి మేడమ్, దానికి కారణం అడగదు. సలోమి కుడి తలుపు గుండా ఇంటికి వెళ్లిపోతుంది. ఆ ఇద్దరికీ మాత్రలు నేను వేరే దారిన పంపిస్తాను. నా పూచీ."

"కారణం నమోదు చేస్తే?"

కార్తికేయ గొంతు తగ్గించాడు.

"మీకు తెలియనిది కాదు. సమన్యాయ నిబంధన ఉంది. ఒక దేహానికి నిజమైతే అలాంటి దేహాలన్నింటికీ నిజమే. ఇదే లక్షణాలతో, మూడో రాకలో జరిగిన విరమణలన్నీ నిర్ణేత తిరగదోడుతుంది. అనవసరమని తేలిన ప్రతి మనిషి చేతిపట్టీకీ కబురు వెళ్తుంది, ఎవరి చెయ్యి పడిందో ఆ పేరుతో సహా. మీ పేరు చాలాచోట్ల ఉంది మేడమ్."

"ఉంటుంది."

"మీ సంగతి వదిలేయండి. వాళ్ల గురించి ఆలోచించండి. పోయింది తిరిగి రాదు. తెలిసి ఏం చేసుకుంటారు? ఇప్పుడు హాయిగా ఉన్నారు."

అతను చెడ్డవాడు కాదు. ఆ మాటలో దయ లేకపోలేదు, చిక్కంతా అదే. మనస్విని సగం తెరిచిన తలుపులోంచి వరండాలోకి చూసింది. రమీజా గోడకు చేరబడి, మోకాలు నొక్కుకుంటూ, "ఇదిగో అయిపోవచ్చిందమ్మా, కూర్చోండి," అని అందరికీ నచ్చజెబుతోంది. పదేళ్ల నాడు ఆమె కూడా మూడో రాకే. ఆ రోజు పలక మీద పడింది ఈ చెయ్యే. ఆ తర్వాత పదేళ్లూ ఇద్దరూ కలిసే టీ తాగారు, ఒకరి ఇంటి కష్టాలు ఒకరు చెప్పుకున్నారు. రమీజా ఆమె మీద పెట్టుకున్నంత నమ్మకం ఇంకెవరూ పెట్టుకోలేదు. మనస్విని వేలు 'వాయిదా' వైపే వెళ్లింది, అబద్ధం ఎందుకు. సలోమి ఒక్కతి బయటపడుతుంది. మిగతావాళ్లు హాయిగా ఉంటారు. తర్వాతి దేహం వస్తుంది.

"ఈ మిషను మా అక్కకి గూడా చెప్పిద్దా?" సలోమి అడిగింది. గోడతో జరిగిన మాటలన్నీ వింటూనే ఉంది.

"కారణం రాస్తే చెబుతుంది."

"అయితే రాయండి."

"విని బాధపడుతుంది సలోమీ."

"ఇప్పుడు పడటంలా? ముప్పై రెండేళ్లకే మంచం దిగాలంటే మనిషి ఆసరా కావాల దానికి. నా ఒళ్లే దరిద్రపుదే, నా పాపం నేను అనుభవిస్తన్నా అంటది. ప్రార్థనలో గూడా అదే చెప్పుకుని ఏడుస్తది. దాని పాపం కాదని దానికి తెలియొద్దా?"

మంచం మీద దానియేలు కళ్లు మూసుకుని పడుకున్నాడు. నిద్రపోవడం లేదు.

మనస్విని వేలు పక్కకు జరిపి 'కారణం' మీద పెట్టింది.

"మేడమ్, ఒక్క నిమిషం," అంది గోడ.

"కారణం చెప్పండి," అంది నిర్ణేత.

"భర్త."

"ఆ పదం స్త్రీదేహ నిఘంటువులో లేదు."

"చేర్చు."

తోరణం ఒకసారి వెలిగి ఆరింది. "కారణం స్త్రీ దేహానికి వెలుపల ఉన్నదని సాక్షి చెబుతున్నది. ధ్రువీకరించండి."

ఆమె అరచెయ్యి పలక మీద పెట్టింది. ఐదు వేళ్లూ విడదీసి, గట్టిగా.

మందుల గూడు తెరుచుకుంది. రెండు పొట్లాలు వచ్చాయి. సలోమి ఒకటి తీసుకుని, రెండోది మొగుడి గుండెల మీద పెట్టింది. అతను కళ్లు తెరిచి, ఏమీ అనకుండా చించి నోట్లో వేసుకున్నాడు. "నీళ్లు," అన్నాడు. ఆమె తెచ్చి ఇవ్వలేదు. అతనే లేచి వెళ్లి కుండలో ముంచుకున్నాడు.

తోరణం దీపాలు ఒకదాని వెనక ఒకటి ఆరిపోయాయి. 'తర్వాతి దేహం' అనాల్సిన గొంతు అనలేదు. తర్వాత వరండాలో ఎవరిదో చేతిపట్టీ మోగింది. ఆ పక్కన ఇంకొకటి. తల్లులవి, అక్కలవి, పిన్నులవి, తోడొచ్చినవాళ్లందరివీ. ఏదో చదివి వినిపించమని ఒక ముసలామె పక్కావిణ్ణి అడుగుతోంది. పక్కావిడ చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

రమీజా తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. మణికట్టు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదువుతూనే వచ్చింది. చదవడం అయిపోయాక కూడా తల ఎత్తలేదు.

"ఇందులో మీ పేరుంది డాక్టరమ్మా."

"ఉంది."

"మాత్రలతో పోయేదంట."

"పోయేది."

"ఆయనకి గూడా ఇస్తే."

"అవును రమీజా."

రమీజా మోకాలు మీది చెయ్యి తీసేసింది. నీళ్ల కుండ దగ్గర నిలబడ్డ దానియేలు వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"ఆ రోజు మా ఆయన యాడికీ పోలేదమ్మా," అంది. "ఆ గేటు బయటే ఉన్నాడు. పిలిస్తే వచ్చేవోడే."